స్కాన్ చేసినా ఫేవరెట్లలో ఛానెల్ ఎందుకు రాదు?

2025 జనవరి 7న జర్మనీలో ప్రజా ప్రసార సంస్థ ఏఆర్‌డీ తన ఎస్‌డీ (సాధారణ నాణ్యత) ప్రసారాలను శాటిలైట్ మీద ఆపేసింది. దాని ప్రధాన ఛానెల్ డాస్ ఎర్‌స్టె హెచ్‌డీలో మాత్రం ఎప్పటిలాగే వస్తోంది. అయినా శాటిలైట్ రిసీవర్‌లో మనం దాచుకున్న పాత ఫేవరెట్ల జాబితాలో ఆ ఛానెల్ నంబరు నొక్కితే కార్యక్రమం రాదు. మళ్లీ స్కాన్ చేసినా, అంటే ఛానెళ్లను కొత్తగా వెతికించినా అంతే. చిక్కు ఎక్కడుందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1988 డిసెంబరులో ప్రయోగించిన టీవీ శాటిలైట్ ఆస్ట్రా 1ఏలో ట్రాన్స్‌పాండర్లు (సిగ్నల్‌ను అందుకుని తిరిగి కిందికి పంపే పరికరాలు) 16. అనలాగ్ రోజులు కాబట్టి ఒక్కోదానిలో ఒకే ఛానెల్, జాబితా సర్దుకోవడానికి రిమోటే సరిపోయేది. డిజిటల్ వచ్చాక ఒక్క ట్రాన్స్‌పాండర్‌లోనే ఛానెళ్లు గుత్తులుగా చేరాయి. ఆస్ట్రా శాటిలైట్లున్న 19.2 డిగ్రీల తూర్పు స్థానంలో స్కాన్ చేస్తే రేడియోలు, కార్డు లేనిదే తెరుచుకోనివి కలగలిసి జాబితా వెయ్యి దాటుతుంది. అందుకే జాబితాను కంప్యూటర్‌లో సర్దే ఎడిటర్ ప్రోగ్రాములు పుట్టాయి. మొదట్లో రిసీవర్‌ను కంప్యూటర్‌కు కలిపే సీరియల్ కేబుల్ కావాలి, పైగా ఒక కంపెనీ ఫార్మాట్ ఇంకో కంపెనీకి పనికిరాదు.

లినక్స్‌తో నడిచే డ్రీమ్‌బాక్స్ రిసీవర్ ఈ పనిని తేలిక చేసింది. దాని సాఫ్ట్‌వేర్ ఎనిగ్మా2లో జాబితా అంతా టెక్స్ట్ ఫైళ్లే. స్కాన్‌లో దొరికినవి లేమ్‌డీబీ అనే ఫైలులో, ఫేవరెట్లు బొకే ఫైళ్లలో ఉంటాయి. బొకేలో అసలు లెక్క పేరు కాదు, చిరునామా: సర్వీస్ ఐడీ (ఛానెల్ గుర్తింపు సంఖ్య), ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ ఐడీ (ఆ ఛానెల్ ఉన్న గుత్తి సంఖ్య), నెట్‌వర్క్ ఐడీ, నేమ్‌స్పేస్ (శాటిలైట్ స్థానాన్ని చెప్పే సంఖ్య). డాస్ ఎర్‌స్టె ఎస్‌డీ చిరునామాలో మొదటి రెండూ 28106, 1101. హెచ్‌డీకి 10301, 1019. స్కాన్ లేమ్‌డీబీని నింపుతుందే తప్ప బొకేలోని పాత వరుసను ముట్టుకోదు. దాన్ని ఎడిటర్‌లో మనమే తీసి, కొత్తది పెట్టాలి.

ఫైళ్లను ఎఫ్‌టీపీతో (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే పద్ధతి) రిసీవర్ నుంచి కంప్యూటర్‌కు తెచ్చుకోండి, ముందు ఒక నకలు దాచుకోండి. తిరిగి పంపేముందు టెల్‌నెట్‌లో (కంప్యూటర్ నుంచి రిసీవర్‌కు ఆదేశాలిచ్చే మార్గం) ఇనిట్ 4 (init 4) కొట్టి ఎనిగ్మా2ను ఆపాలి, పంపాక ఇనిట్ 3 కొట్టి మళ్లీ నడిపించాలి. ఆపకుండా పంపి రీస్టార్ట్ చేస్తే, అది ఆగేటప్పుడు తన మెమరీలోని పాత జాబితానే మీ ఫైలు మీద రాసేస్తుంది. గంట శ్రమ గంగపాలయ్యేది ఎక్కువగా ఇక్కడే.

ఇతరుల జాబితా దించుకుంటే నేమ్‌స్పేస్ చూడండి. తూర్పు శాటిలైట్ల స్థానాన్ని (డిగ్రీలను) పదితో గుణించి హెక్సాడెసిమల్‌లో (16 ఆధారంగా లెక్కించే పద్ధతి) రాస్తారు: హాట్‌బర్డ్ శాటిలైట్ 13.0 డిగ్రీలు అంటే 130, హెక్సాడెసిమల్‌లో 82, కాబట్టి 00820000. కొన్ని ట్రాన్స్‌పాండర్లకు చివరి నాలుగు స్థానాల్లో సున్నాలకు బదులు వేరే విలువ చేరుతుంది. అది మీ లేమ్‌డీబీతో కలవకపోతే పేరు కనబడుతుంది, బొమ్మ రాదు.