బుట్టలో కూర్చున్న పిల్లికూన

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తల్లి అడిగారు: "మావాడు తొమ్మిదో తరగతి, ఒడియా మీడియం. ట్యూషన్‌లో సార్ చెబుతుంటే అంతా అర్థమైందంటాడు, పేపర్ చేతికిస్తే ఒక్క ముక్క రాయలేడు. సరస్వతి ఆకు తినిపిస్తే జ్ఞాపకశక్తి పెరుగుతుందా?"

ఆకు మీద ఆశ పెట్టుకోకండమ్మా. నాలుక మీద బీజాక్షరాలు రాయించినా అంతే. సినిమా డైలాగులు గడగడా అప్పజెప్పే ఈ వయసు పిల్లలకు జ్ఞాపకశక్తి తక్కువంటే నేను నమ్మను. అసలు సంగతి తెలియాలంటే ఒక పిల్లికూన కథ చెప్పాలి.

1963లో రిచర్డ్ హెల్డ్, అలన్ హైన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, చీకట్లో పెంచిన పిల్లికూనల్ని రోజుకు 3 గంటలు మాత్రం జతలుగా వెలుతురులోకి తెచ్చేవారు. గుండ్రటి గది, గోడ నిండా నిలువు చారలు, మధ్యలో ఇరుసు మీద తిరిగే ఒక బద్ద. బద్దకు ఒక చివర కట్టిన కూన నేల మీద నడుస్తుంది, రెండో చివర వేలాడే బుట్టలో ఇంకో కూన కూర్చుంటుంది. నడిచే కూన ఎటు వెళ్తే బుట్ట దానికి తగ్గట్టు తిరుగుతుంది, కాబట్టి రెండూ చూసేది దాదాపు ఒకటే. కొన్నాళ్ళకు పరీక్షిస్తే, నడిచిన కూన నేల దగ్గరికి దించుతుండగానే కాళ్ళు చాపింది, ముఖం మీదికి ఏదైనా వస్తే రెప్ప వేసింది, లోతుగా కనిపించే వైపు అడుగు పెట్టలేదు. బుట్టలోది ఇవేవీ చేయలేదు. చూపు లేక కాదు, చూసినదాన్ని వాడుకోవడం రాక! 2 రోజులు వెలుతురులో దాని ఇష్టానికి తిరగనిచ్చాక అదీ నేర్చేసుకుంది.

ఎందుకిలా? కండరాలకు ఆజ్ఞ పంపేటప్పుడు మెదడు దాని నకలు ఒకటి తన దగ్గరే ఉంచుకుంటుంది (1950లో ఫాన్ హోల్స్ట్, మిట్టెల్‌స్టేట్ అనే శాస్త్రవేత్తలు దీన్ని ప్రతిపాదించారు). తల కుడికి తిప్పితే చారలు ఎడమకు జరగాలి అని ఆ నకలును బట్టి ముందే లెక్క వేసుకుంటుంది, కన్ను నిజంగా ఏం పంపిందో దానితో పోల్చుతుంది, తేడా వస్తే ఆ మేరకు నాడీకణాల మధ్య సంధుల బలాన్ని సవరించుకుంటుంది. మనకు మనం చక్కిలిగింతలు పెట్టుకోలేకపోవడం కూడా ఈ ముందస్తు లెక్క వల్లే. బుట్టలో కూన ఆజ్ఞ ఇవ్వలేదు, కాబట్టి నకలు లేదు, అంచనా లేదు, సవరించుకోవడానికి తేడా కూడా లేదు.

పిల్లికీ పిల్లాడికీ పోలికేమిటంటారా? 2011లో జోయెల్ వాస్ అనే శాస్త్రవేత్త బృందం మనుషులతో ఇలాంటి జత ప్రయోగమే చేసింది. తెర మీద వస్తువుల బొమ్మలు, వాటిలో కొంత భాగమే కనిపించే చిన్న కిటికీ. ఆ కిటికీని తామే జరుపుకుంటూ చూసినప్పుడు, వేరేవాళ్ళు జరిపినట్టే జరుగుతుంటే ఊరికే చూసినప్పటి కంటే బొమ్మలు బాగా గుర్తున్నాయి. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగం పనిలోనూ తేడా కనిపించింది.

ట్యూషన్‌లో పిల్లలు ఆ బుట్టలోనే ఉంటారు. ప్రశ్న సార్‌ది, మొదటి మెట్టు సార్‌ది, జవాబు సార్‌ది. అన్నీ కళ్ళ ముందు నుంచి సాఫీగా వెళ్ళిపోతాయి, అందుకే అర్థమైనట్టుంటుంది.

నేను పాఠం చెప్పే గుణుపురం వైపు బడిలో లోలకం పాఠానికి సుతిలి తాడు, పాత తాళంకప్ప చాలు. మీటరు పొడవుతో 10 ఊపులకు (అటు వెళ్ళి తిరిగొస్తే ఒక ఊపు) సుమారు 20 సెకన్లు. "తాడు సగం చేస్తే?" అని అడిగి, ఎవరి జవాబు వాళ్ళు కాగితం మీద రాసేదాకా ఆగుతాను. ఇంచుమించు అందరూ 10 అని రాస్తారు. కొలిస్తే 14! ఫోన్‌లో స్టాప్‌వాచ్ తప్పంటారు, మళ్ళీ కొలుస్తారు, మళ్ళీ 14. మరి 10 సెకన్లు రావాలంటే? 40 సెంటీమీటర్లు, 30, చివరికి 25 దగ్గర దొరుకుతుంది. పొడవు నాలుగో వంతైతే కాలం సగం, అంటే వర్గమూలం సంబంధం వాళ్ళ చేతుల్లోంచే బయటికొచ్చింది. సిలబస్ టెన్షన్‌లో మాస్టారు సూత్రం ముందే రాసేస్తే ఆ 10కీ 14కీ మధ్య తేడా పిల్లాడి మెదడుకు అందదు. గట్టి నమ్మకంతో చెప్పిన తప్పును వెంటనే సరిచేస్తే, అనుమానంగా చెప్పిన తప్పును సరిచేసినప్పటి కంటే సరైన జవాబు బాగా గుర్తుంటుందని బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ అనే పరిశోధకులు 2001లో చూపించారు.

అలాగని పుస్తకమిచ్చి నీ చావు నువ్వు చావమని వదిలేస్తే స్వయంగా నేర్చుకోవడం కాదు. అంచనా తప్పో ఒప్పో తేల్చే వస్తువో మనిషో ఎదురుగా ఉండాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఒకటి రెండు లెక్కలు చేసి చూపించడమూ అవసరమే.

మన సరిహద్దు జిల్లాల్లో ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తప్పు ఒడియా మాట్లాడితే నవ్వుతారేమోనని పిల్లలు అంచనా వేయడమే మానేసి బోర్డు ఎక్కించుకుంటారు. ఇదే పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్న గిడుగు రామమూర్తి, తెలుగు తెలిసిన ఒక సవర గిరిజనుణ్ణి ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాశారు. అందుకే మా తరగతిలో అంచనా తెలుగులో చెప్పినా, సవరలో చెప్పినా, ఒడియాలో చెప్పినా సరే. కొలిచాక, ఆ సంగతి పాఠ్యపుస్తకంలో ఏ పేజీలో ఏ మాటల్లో ఉందో వాళ్ళే వెతికి పట్టుకుంటారు, ఒడియాలో రాసుకుంటారు.