ఫైటర్ చేప: అడిగిందల్లా ఆకలి కాదు

"అన్నా, బెట్టా (ఫైటర్ చేపనే ఇలా అంటారు) పొట్ట బెలూన్‌లా ఉబ్బింది" అని వాట్సాప్‌లో ఫోటో వస్తే నేను మొదట అడిగేది ఒక్కటే: రోజుకి ఎంత మేత వేస్తున్నారు? "చిటికెడే అన్నా" అంటారు. ఆ చిటికెడు అరచేతిలో పోసి లెక్కపెట్టండి. పదిహేను, ఇరవై గుళికలు తేలతాయి.

అపోహ: అద్దం దగ్గరికొచ్చి ఒళ్లంతా ఊపుతోందంటే ఆకలేస్తోంది.
వాస్తవం: మనిషి కనిపిస్తే మేత పడుతుందని నేర్చుకుంది, అంతే. ఇప్పుడే తిన్నా అలాగే వస్తుంది. దాని కడుపు ఇంచుమించు కంటిగుడ్డంత అని పెంచేవాళ్లు చెప్పుకునే కొండగుర్తు. చిన్న గుళికలైతే పొద్దున రెండు మూడు, సాయంత్రం రెండు మూడు చాలు. వారానికో రోజు పస్తు. పొట్ట ఉబ్బితే ముందు చేయాల్సింది కూడా రెండు రోజులు పస్తు పెట్టడమే. పొలుసులు పైకి లేచి నిక్కబొడుచుకున్నాయంటే మాత్రం అది తిండి గొడవ కాదు, జబ్బు.

అపోహ: కోనేట్లో చేపలు తింటాయి కదా, మరమరాలు వేస్తే ఏం?
వాస్తవం: ఇది మాంసాహారి. థాయ్‌లాండ్ వరిచేలల్లో, నీళ్లు పెద్దగా కదలని కాలువల్లో నీటిపురుగులు, దోమల లార్వాలు తిని బతికే జాతి. ప్యాకెట్ మీద మొదటి పేరు చేపపొడో రొయ్యపొడో ఉండాలి. దోమ లార్వాలు దొరికితే దానికి పండగే. కానీ తినేన్ని మాత్రమే వేయండి, మిగిలినవి దోమలై మీ మీదికే వస్తాయి. నీళ్లున్న గాజు కూజాలో మొక్క పెట్టి అందులో వదిలితే వేర్లు తిని బతుకుతుందన్నది ఉత్త మాట.

అపోహ: పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, గాజు గ్లాసు చాలు.
వాస్తవం: గాలి పీలిస్తే ఆక్సిజన్ దొరుకుతుంది. రెట్ట నుంచి, కుళ్లిన మేత నుంచి పుట్టే అమ్మోనియా అనే విషం ఎక్కడికి పోతుంది? రెండు లీటర్లలో ఎంత పుడుతుందో ఇరవై లీటర్లలోనూ అంతే పుడుతుంది, కానీ పదింతలు పలచబడుతుంది. పదిహేను, ఇరవై లీటర్ల ట్యాంకు, మెల్లగా నడిచే స్పాంజ్ ఫిల్టర్, పైన మూత (ఇది ఎగిరి బయట పడే రకం). వారానికి పావు వంతు నీళ్లు మారిస్తే చాలు, కుళాయి నీళ్లయితే యాంటీ క్లోరిన్ (నీళ్లలోని క్లోరిన్‌ని పోగొట్టే మందు) కలిపి. కొత్తలో నేను శుభ్రం పిచ్చితో స్పాంజిని కుళాయి కింద తళతళలాడేలా కడిగాను. అమ్మోనియాని అరగదీసే బ్యాక్టీరియా అందులోనే ఉంటుందని అప్పట్లో తెలీదు. నాలుగో రోజుకి చేప రెక్కలు ముడుచుకుని అడుగున పడుకుంది. ఇప్పుడు ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండుతాను.

అపోహ: సంక్రాంతికి ఊరెళ్తే చేప చచ్చిపోతుంది.
వాస్తవం: ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపకి నాలుగైదు రోజుల పస్తు లెక్కే కాదు. అసలు టెన్షన్ చలి. దానికి 25 నుంచి 27 డిగ్రీలు కావాలి, చల్లబడితే తిన్నది అరగదు. కాబట్టి హీటర్ ఆన్‌లోనే ఉంచి వెళ్లండి. పక్కింటి పిల్లాడికి అప్పజెప్పక తప్పదంటే రోజుకి నాలుగు గుళికల చొప్పున పొట్లాలు కట్టివ్వండి. మేత డబ్బా మాత్రం మీ బ్యాగులో వేసుకెళ్లండి.