గాలిలో కలిసిన బొగ్గును గుర్తుపట్టడం ఎలా?

సిరొంచ నుంచి ఒక ఉపాధ్యాయుడు ఇలా అడిగారు: "మా ప్రాంతంలో భూతాపం మాట ఎత్తితే చాలు, నలుగురూ రెండు పక్షాలుగా చీలిపోతారు. చంద్రపూర్‌లో, బల్లార్షాలో మే నెలలో 46, 47 డిగ్రీల ఎండ మా తాతల నాటి నుంచీ ఉన్నదేనని పెద్దలు అంటారు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే పెరిగి ఉండవచ్చు గానీ, అది అగ్నిపర్వతాల నుంచో సముద్రాల నుంచో రాలేదని ఎవరు చూశారని చదువుకున్న కుర్రవాళ్లు అడుగుతారు. వారికి ఏమని చెప్పాలి?"

పెద్దల వాదన దగ్గర ఎక్కువ సేపు ఆగనవసరం లేదు. ఒక ఊళ్లో ఒక ఏడాది ఎండ ఎంత కాసిందన్నది భూతాపం ఉందనీ రుజువు చేయదు, లేదనీ రుజువు చేయదు. దాన్ని తేల్చడానికి నేల మీదా సముద్రం మీదా దశాబ్దాల తరబడి తీసిన కొలతల సగటు కావాలి. 1850-1900 నాటి సగటుతో పోలిస్తే 2011-2020 దశాబ్దపు సగటు సుమారు 1.1 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా ఉంది. వానలు పడకపోతే కప్పలకు పెళ్లి చేయడాన్ని మూఢనమ్మకం అంటాం. ఒక్క వడగాలి వీయగానే ఏ లెక్కా చూడకుండా "ఇదంతా భూతాపమే" అని తేల్చేయడం కూడా, కారణాన్ని వెతకకుండా అంటగట్టడమే అవుతుంది.

కుర్రవాళ్ల ప్రశ్న అలాంటిది కాదు. అది అసలైన విజ్ఞాన ప్రశ్న, దాని జవాబు నాకు ఈ విషయమంతటిలోకీ అత్యంత ఇష్టమైనది. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల భాగాలకు సుమారు 315 భాగాలు ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. పారిశ్రామిక యుగానికి ముందు అది 280 దగ్గర ఉండేదని అంటార్కిటికా మంచులో చిక్కుకున్న గాలి బుడగలు చెబుతున్నాయి. పెరుగుదలను కాదనేవారు తక్కువే. పెరిగిన ఆ భాగం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ వాయువునే అడిగి తెలుసుకోవచ్చునన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

తరగతిలో కార్బన్ పరమాణు భారం 12 అని వల్లె వేయిస్తాం, ఐసోటోపులను, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులను, ఒక మార్కు ప్రశ్నగా వదిలేస్తాం. ఆవర్తన పట్టికలో ఉన్న సంఖ్య 12 కాదు, 12.011. ఆ బిందువు తర్వాతి అంకెలు ఎక్కడివని ఒక్క విద్యార్థి అడిగినా ఈ వ్యాసంలో సగం ఆ గంటలోనే చెప్పవచ్చు. కార్బన్ పరమాణువుల్లో దాదాపు 98.9 శాతం కార్బన్-12, సుమారు 1.1 శాతం కాస్త బరువైన కార్బన్-13. ఆ అంకెలు దీనివల్ల వచ్చినవే. మూడవదైన కార్బన్-14 లక్ష కోట్ల పరమాణువులకు ఒకటి చొప్పున మాత్రమే ఉంటుంది. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాల వల్ల పై వాతావరణంలో అది నిత్యం పుడుతూ ఉంటుంది, పుట్టింది క్రమంగా క్షీణిస్తూ ఉంటుంది. 5,730 ఏళ్లకు సగం అవుతుంది. బతికి ఉన్న చెట్టు గాలి నుంచి దాన్ని తీసుకుంటూనే ఉంటుంది, చచ్చిన రోజు నుంచి తీసుకోవడం ఆగిపోతుంది.

ఇప్పుడు ఘుగ్గుస్, రాజురా, మాజ్రీ చుట్టుపక్కల తవ్వుతున్న బొగ్గు సంగతి చూద్దాం. అది 25 కోట్ల ఏళ్లకు పూర్వం గ్లోసోప్టెరిస్ వంటి మొక్కలు బురదలో కూరుకుపోయి మారిన పదార్థం. సజీవ వృక్షంలోని ఒక గ్రాము కార్బన్‌లో కార్బన్-14 పరమాణువులు సుమారు 6 వేల కోట్లు ఉంటాయి. 6 వేల కోట్లను వరుసగా 36 సార్లు సగం చేస్తే మిగిలేది ఒక్కటి. అందుకు పట్టే కాలం దాదాపు 2 లక్షల ఏళ్లు. ఒక గ్రాముకు బదులు పది లక్షల టన్నుల కార్బన్ తీసుకున్నా మరో 40 సార్లు సగం చేస్తే చాలు, 4 లక్షల 36 వేల ఏళ్లలో ఆ మొత్తం రాశిలోనూ ఒక్క పరమాణువుకు మించి మిగలదు. 25 కోట్ల ఏళ్లలో 43 వేలకు పైగా అర్ధాయుష్కాలాలు గడిచాయి. కనుక మన గనుల్లోని బొగ్గులో ఆనాటి కార్బన్-14 ఒక్క పరమాణువైనా మిగిలి ఉండదు.

అలాంటి బొగ్గును కాల్చి గాలిలోకి వదలడం చిక్కటి పాలలో నీళ్లు కలపడం లాంటిది. పరిమాణం పెరుగుతుంది, చిక్కదనం తగ్గుతుంది. పాలకేంద్రంలో కూర్చున్న మనిషి నీళ్లు ఎవరు పోశారో చూడనవసరం లేదు. ల్యాక్టోమీటర్ ముంచితే చాలు. ఈ పరీక్షను గాలికి పెట్టినవాడు హాన్స్ సూస్ అనే రసాయన శాస్త్రవేత్త. చెట్టు ఏటేటా వేసుకునే వలయాల్లో ఆ ఏటి గాలిలోని కార్బన్ నిలిచిపోతుంది గనుక, ఆయన పాత కలపనూ కొత్త కలపనూ పోల్చి, కొత్తదానిలో కార్బన్-14 తగ్గిందని 1955లో ప్రకటించాడు. 20వ శతాబ్దపు మధ్యనాటికి ఆ తగ్గుదల సుమారు 2 శాతం. మన ప్రాంతపు పాఠకులకు మరొక్క మాట చెప్పాలి: గోండులు ఏలిన ఈ గడ్డ పేరుతో గోండ్వానా మహాఖండాన్ని భూగర్భ శాస్త్రంలో స్థిరపరచిన ఎడ్వర్డ్ సూస్ ఈయనకు తాతగారు. తాత పేరు పెట్టిన నేలల్లో పుట్టిన బొగ్గు జాడను మనవడు చెట్ల వలయాల్లో పట్టుకున్నాడంటే నాకు ఎన్నిసార్లు తలచుకున్నా ఆశ్చర్యం తీరదు.

అయితే ఈ ల్యాక్టోమీటర్ కొన్నేళ్ల పాటు తప్పుదారి పట్టింది. నీళ్లు పోసిన పాలలో పాలపొడి కలిపితే కొలత మళ్లీ పైకి లేస్తుంది గదా. 1950లలోనూ 1960ల ఆరంభంలోనూ బహిరంగంగా జరిగిన అణుపరీక్షలు సరిగ్గా అదే చేశాయి: వాటి న్యూట్రాన్లు నైట్రోజన్‌ను కార్బన్-14గా మార్చడంతో ఉత్తరార్ధగోళపు గాలిలో దాని వాటా దాదాపు రెట్టింపైంది. 1963 ఒప్పందంతో ఆ పరీక్షలు చాలావరకు ఆగాయి, అదనంగా పుట్టింది సముద్రాల్లోకీ వృక్షాల్లోకీ చేరిపోయింది, పలచబడటం మళ్లీ కనిపిస్తోంది. సూస్ కొలతలకు ఇంత విలువ రావడానికి కారణం, ఆయన తీసుకున్న కలప అణుపరీక్షల పొడి కలవకముందు పెరిగినది కావడమే.

ఇక్కడ తెలివైన కుర్రవాడు ఆపి అడగాలి: అగ్నిపర్వతం నుంచి వచ్చే కార్బన్ కూడా అతి ప్రాచీనమే కదా, అందులోనూ కార్బన్-14 ఉండదు కదా, మరి నీళ్లు ఆ బావివి కావచ్చు కదా? నిజమే, చిక్కదనం చూసే పరీక్ష నీళ్లు కలిశాయని చెబుతుంది గానీ ఏ బావివో చెప్పదు. బావిని చెప్పేది రుచి. ఆ పని కార్బన్-13 చేస్తుంది. ఆకులో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే రుబిస్కో అనే ఎంజైము తేలికైన కార్బన్-12ను ఎక్కువగా ఎంచుకుంటుంది, అందువల్ల మొక్కల్లోనూ, మొక్కల నుంచి పుట్టిన బొగ్గులోనూ కార్బన్-13 తక్కువ. ప్రామాణిక నమూనాతో పోల్చి వెయ్యికి ఇన్ని భాగాల తేడా అని దీన్ని లెక్కిస్తారు, మైనస్ ఎంత ఎక్కువైతే కార్బన్-13 అంత తక్కువ: వరి, పత్తి వంటి మొక్కల్లో మైనస్ 27 ప్రాంతం, జొన్న, చెరకులలో కిరణజన్య సంయోగక్రియ మార్గం వేరు గనుక మైనస్ 13 ప్రాంతం, బొగ్గులో మైనస్ 24 ప్రాంతం, అగ్నిపర్వత వాయువులో మైనస్ 5 ప్రాంతం. గాలి విలువ పారిశ్రామిక యుగానికి ముందు సుమారు మైనస్ 6.5. అగ్నిపర్వతాల వాయువు వచ్చి కలిస్తే ఈ విలువ కిందికి జారే అవకాశమే లేదు. అది జారింది, ఇప్పుడు మైనస్ 8.5 దగ్గర ఉంది.

రెండు పరీక్షలనూ పక్కపక్కన పెట్టి చూడండి. అగ్నిపర్వతంలో కార్బన్-14 ఉండదు, కార్బన్-13 మాత్రం తగ్గదు. అడవులను కాల్చితే కార్బన్-13 తక్కువే గానీ, నిన్న మొన్నటి వరకు బతికిన చెట్లు గనుక కార్బన్-14 దండిగా ఉంటుంది. అడవుల నరికివేత కూడా గాలికి కార్బన్‌ను చేర్చింది, దాన్ని ఎవరూ కాదనరు, కానీ కార్బన్-14ను పలచబరచడం దానివల్ల కాదు. సముద్రం గాలికి వాయువును ఇస్తూ ఉంటే దాని నీటిలో కరిగిన కార్బన్ తరగాలి. అది పెరుగుతోంది, నీరు ఆమ్లత వైపు కదులుతోంది. కార్బన్-14 లేకపోవడం, కార్బన్-13 తక్కువగా ఉండటం, ఈ రెండు గుణాలూ ఒకేసారి ఉన్నది బొగ్గు, చమురు, సహజవాయువులలోనే. మూడవ సాక్ష్యం ఆక్సిజన్. మండటానికి ఆక్సిజన్ కావాలి, అగ్నిపర్వతం నుంచి వచ్చే వాయువుకు అక్కరలేదు. చార్లెస్ కీలింగ్ కుమారుడు రాల్ఫ్ కీలింగ్ సుమారు 1990 నుంచి గాలిలో ఆక్సిజన్‌ను అతి సూక్ష్మంగా కొలుస్తున్నారు. అది ఏటేటా, మన శ్వాసకు లెక్కకు రానంత కొద్దిగా, తగ్గుతూనే ఉంది.

మామూలు జమాఖర్చు కూడా ఇదే చెబుతుంది. శిలాజ ఇంధనాల నుంచి ప్రపంచం ఏటా విడుదల చేస్తున్న కార్బన్ డయాక్సైడ్ సుమారు 3,700 కోట్ల టన్నులు. గాలిలో పది లక్షలకు ఒక్క భాగం పెరగడానికి 780 కోట్ల టన్నులు కావాలి. అంతా గాలిలోనే నిలిస్తే ఏటా 4.7 భాగాలు పెరగాలి, పెరుగుతున్నది సుమారు రెండున్నర. మిగిలింది సముద్రాలూ వృక్షాలూ మింగుతున్నాయి. మొత్తం మీద తీసుకుంటున్న ప్రకృతి ఈ పెరుగుదలకు మూలం కాజాలదు.

వాయువు మూలం తెలిసినంత మాత్రాన వేడికి కారణం తేలినట్టు కాదని ఎవరైనా అంటే, అది న్యాయమైన అభ్యంతరమే. ఆ సాక్ష్యం వేరు. కార్బన్ డయాక్సైడ్ ఉష్ణకిరణాలను పీల్చుకుంటుందని 1859లో జాన్ టిండాల్ ప్రయోగశాలలో చూపాడు. 1970లో నింబస్-4 ఉపగ్రహమూ, 1997లో జపాన్ ఉపగ్రహమూ భూమి నుంచి బయటికి పోయే కిరణాలను కొలిచాయి. రెండింటినీ పోల్చినప్పుడు, గాలిలో పెరిగిన వాయువులు పీల్చుకునే తరంగదైర్ఘ్యాల వద్దనే బయటికి పోయేది తగ్గినట్టు 2001లో వెల్లడైంది. ఈ కొలతకు ఏ ఊరి ఉష్ణమాపకంతోనూ పని లేదు.

ఇక తమ ఊళ్లో మార్పు కనిపించడం లేదనే పెద్దలకు చెప్పవలసిన సంగతి ఒకటి ఉంది. 1901 నుంచి 2018 వరకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది, ప్రపంచ సగటు కన్నా ఇది తక్కువ. అందుకు ఒక ముఖ్య కారణం, బొగ్గు కాల్చినప్పుడు కార్బన్ డయాక్సైడ్‌తో పాటే వెలువడే గంధక డయాక్సైడ్. అది గాలిలో సల్ఫేట్ కణాలుగా మారి ఎండలో కొంత భాగాన్ని వెనక్కి తిప్పుతుంది. చంద్రపూర్ థర్మల్ కేంద్రం వంటి చోట్ల ఒకే పొగగొట్టం నుంచి వేడిని పెంచేదీ, ఆ వేడిని తాత్కాలికంగా మరుగుపరిచేదీ కలిసే బయలుదేరుతున్నాయి. ఊపిరితిత్తులకు హాని చేసే ఆ కణాలను తొలగించవలసిందే, తొలగిస్తే వారం పది రోజుల్లోనే గాలి వాటి నుంచి తేరుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్‌లో పెద్ద భాగం మాత్రం శతాబ్దాల పాటు గాలిలో నిలుస్తుంది గనుక, ఆ కణాలు పోయిన కొద్దీ ఇంతకాలం వాటి చాటున ఉన్న వేడి బయటపడుతుంది.