పదో రోజున ఎడమ కాలు

"ప్రసవమైన పదో రోజున మా చెల్లికి ఎడమ పిక్క వాచింది. నీరు పట్టిందన్నారు ఇంట్లో. టైలర్ టేపుతో కొలిస్తే ఎడమది 36 సెంటీమీటర్లు, కుడిది 33. డాక్టరు కాలి సిరలో రక్తం గడ్డకట్టిందని, గడ్డ పెరగకుండా పొట్టకు హెపారిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. పాలిచ్చే తల్లికి పర్వాలేదా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

పర్వాలేదు. హెపారిన్ పాలలోకి దాదాపు రాదు. ఆ టేపు తీసినవారికి మాత్రం దండం పెట్టాలి. నీరు పడితే మామూలుగా రెండు కాళ్లకూ పడుతుంది. ఒక్క కాలే వాచి, పిక్కల మధ్య రెండు సెంటీమీటర్ల తేడా ఉంటే సిరలో రక్తం పారుతోందో లేదో చూపే డాప్లర్ స్కాన్ తీయించాల్సిందే.

అసలు గడ్డ ఎందుకు, అదీ ఎడమ కాలే ఎందుకు? చెరువు కట్ట గుర్తు తెచ్చుకోండి. నెలలు నిండేసరికి గర్భాశయానికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం పారుతుంది. మాయ ఊడిందంటే గండి పడినట్టే. గర్భాశయం ముడుచుకుని నాళాలను నొక్కేస్తుంది గానీ అదొక్కటే చాలదు. అందుకే ఒళ్లు నెలల ముందే ఇసుక బస్తాలు నింపి పెట్టుకుంటుంది. రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్, 7, 8, 10 నంబర్ల కారకాలు పెరుగుతాయి. పగ్గం వేసే ప్రొటీన్ ఎస్ తగ్గుతుంది. గండి పూడాక కూడా బస్తాలు తరగవు. మొదటి 6 వారాలు గట్టి ప్రమాదం, 12 వారాల దాకా కొంత. జోరుగా పారేచోట బస్తా నిలవదు, మందగించినచోట అడ్డం పడుతుంది. ఎడమ కాలి నుంచి పైకెళ్లే పెద్ద సిర సరిగ్గా అలాంటి చోటు. దాని మీదుగా కుడి కాలి ధమని దాటుతుంది, వెనక వెన్నెముక. మధ్యలో అది నలుగుతుంది. సిజేరియనై మంచం పట్టేస్తే పిక్క కండరాల పంపు కూడా ఆగుతుంది.

ఒకప్పుడు యూరప్‌లో పాలు కాలిలోకి దిగాయనుకుని దీన్ని 'పాల కాలు' అన్నారు. మన ఇళ్లలో బాలింతను నీళ్లు తాగనివ్వరు, మంచం దిగనివ్వరు. రెండూ గడ్డకు చుట్టాలే. దయచేసి మానండి.

హెపారిన్ గడ్డను కరిగించదు. యాంటీత్రాంబిన్ అనే కాపలాదారు చురుకును ఎన్నో రెట్లు పెంచి, కొత్త బస్తా పడకుండా ఆపుతుంది. పాతవాటిని ఒళ్లే గడ్డలు కరిగించే ప్లాస్మిన్‌తో తొలుచుకుంటుంది. అందుకే వైద్యం కనీసం 3 నెలలు. వాచిన కాలు తగ్గిందని మధ్యలో మానకూడదు. తర్వాత గడ్డకట్టనివ్వని వార్ఫరిన్ మాత్రలకు మారినా పాలివ్వొచ్చు. అదే పని చేసే రివరాక్సబాన్ లాంటి మాత్రలు మాత్రం పాలిచ్చే తల్లికి వద్దంటారు.

ఆ గడ్డ తెగి ఊపిరితిత్తికి చేరితే ప్రాణం మీదికొస్తుంది. 2017 సెప్టెంబరులో సిజేరియన్ తర్వాత టెన్నిస్ తార సెరీనా విలియమ్స్‌కు ఊపిరి అందలేదు. అంతకుముందే ఒకసారి గడ్డలతో బాధపడిన మనిషి కాబట్టి, స్కాన్ తీయమని తానే పట్టుబట్టారు. తీస్తే ఊపిరితిత్తుల్లో గడ్డలు కనబడ్డాయి.