ఊరి మనిషా, సర్టిఫికెట్టా: ఏజెన్సీలో ప్రత్యేక టీచర్ల గొడవ వెనక కథ

ప్రత్యేక అవసరాలున్న పిల్లల టీచర్ పోస్టుల లెక్క మళ్లీ తెరమీదికొచ్చింది. ప్రైమరీలో పదిమందికొకరు, ఆ పైన పదిహేనుమందికొకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. పోస్టులు నోటిఫై చేయాలని 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్లీ తొందరపెట్టింది. ఈ మధ్యలో, 2024 డీఎస్సీలో తెలంగాణ ఇచ్చిన 11,062 పోస్టుల్లో ఈ కోవకు చెందినవి 1,016. ఈ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల సంగతి, అక్కడ కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పే రిసోర్స్ పర్సన్ల బాధలు అందరికీ తెలిసినవే. ములుగు, ఉట్నూరు గూడేల్లో అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: వచ్చే టీచరుకు పిల్ల మాట అర్థమవుతుందా? పిల్లను అంచనా వేసేటప్పుడు ఆ మాట తెలిసిన ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశాను కూడా పక్కన పెట్టుకోవాలని కొందరంటారు, శిక్షణ ఉన్న టీచర్లే చూడాలని ఇంకొందరంటారు. గొడవ ఇదే.

కోయ ఇంటి పిల్లకు గ్లాసులో నీళ్ల బొమ్మ చూపించి ఇదేంటని అడగండి. ‘ఏర్’ అంటుంది. కోయలో నీళ్లను అలాగే అంటారు. బల్లకు ఇవతల కూర్చున్న తెలుగు టీచరు చెవికి అది ఏరు, అంటే వాగు. తప్పు అని టిక్కు పడుతుంది. ఇలాంటివి నాలుగు పడితే పిల్లకు ‘మందబుద్ధి’ అన్న పేరు రావడానికి ఎంతసేపు?

దీని మూలం 2021లో లేదు, 1992లో ఉంది. ఆ ఏడాది వచ్చిన భారత పునరావాస మండలి చట్టం ప్రకారం, మండలి రిజిస్టర్‌లో పేరు లేనివాళ్లు ప్రత్యేక టీచరు పని చేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దొంగ వైద్యుల్లాంటి వాళ్లను ఆపడానికి అది అవసరమే. కానీ ఎవరిని తీసుకోవాలన్న ప్రశ్నకు మొదటి జవాబు సర్టిఫికెట్టయింది. పిల్ల భాష ఆ షరతుల్లో లేదు.

ఆరోగ్యశాఖ పదమూడేళ్ల తర్వాత ఇందుకు ఎదురుగా నడిచింది. 2005లో ఆశాలను ఎంచుకునేటప్పుడు మొదటి షరతు ఆ ఊరి మనిషై ఉండాలని. చదువు ఎనిమిదో తరగతి చాలు, దొరక్కపోతే అదీ సడలించుకోవచ్చు. ఏ ఇంట్లో ఏ పిల్ల నడక ఆలస్యమైందో, తల్లి ముందు వడ్డె (కోయల పూజారి) దగ్గరికి వెళ్లిందో పీహెచ్‌సీకి వెళ్లిందో ఆమెకు తెలుసు. వడ్డెను వెక్కిరించకుండా మాట కలపడమూ తెలుసు. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చినప్పుడు అప్పుడే పుట్టిన పిల్లల్లో లోపాలు ఇంటి దగ్గరే చూసే పని ఆమెకే ఇచ్చారు. ఆమె గుర్తించిన పిల్ల బడి ఈడుకొచ్చాక మాత్రం ఫైలు వేరే శాఖకు మారుతుంది. ఇక అక్కడ ఆమెను అడిగేవాళ్లుండరు.

బ్రెయిలీ, సైగల భాష, ఆటిజం పిల్లలతో పని శిక్షణ లేకుండా కుదరదని ప్రత్యేక టీచర్లు అంటారు. నిజమే. ఆశాకు టీచరు ఉద్యోగం ఇమ్మని ఎవరూ అనడం లేదు. పిల్లను అంచనా వేసే రోజు ఆమెను పక్కన కూర్చోబెట్టుకోమంటున్నారు, అంతే.

స్థానిక భాష వచ్చినవాళ్లనే నేరుగా తీసుకునే దారి కూడా మూసుకుపోయింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. వంద శాతం చెల్లదంది.

అంతకంటే చాలా ముందు, 1943లో, ఇప్పటి ఆసిఫాబాద్ జిల్లాలోని మార్లవాయిలో, గోండుల మీద పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ చొరవతో నిజాం ప్రభుత్వం టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టింది. పుస్తకాలు గోండీలో. చేరింది గోండు యువకులు, వాళ్లలో చాలామందికి చదువు అంతంతమాత్రం. పిల్లల మాట మాత్రం వచ్చు. మిగతాది అక్కడే నేర్పారు.