నగరాలపై బాంబుదాడులు: అపోహలు – వాస్తవాలు

యుద్ధ చట్టాలను బోధించే వృత్తిలో ఉన్నందువల్ల నాకు ఏటా ఎదురయ్యే వాదన ఒకటుంది: పౌరులు నివసించే నగరాలపై బాంబులు వేయడం క్రూరమే కావచ్చు గానీ, దానివల్ల యుద్ధం త్వరగా ముగిసి చివరికి ప్రాణనష్టం తగ్గుతుందని. ఇందులో చరిత్రకు సంబంధించిన మాట ఒకటి, నీతికి సంబంధించిన మాట ఒకటి కలగలిసి ఉన్నాయి. రెంటినీ విడదీసి పరీక్షించవలసి ఉంది.

అపోహ: ఇళ్లు తగలబడితే ప్రజలు ధైర్యం కోల్పోయి, యుద్ధం ఆపమని తమ ప్రభుత్వంపై తిరగబడతారు.

ఈ నమ్మకానికి సిద్ధాంత రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు ఇటలీ సేనాని జూలియో దూయే. పేలుడు బాంబులు, దహన బాంబులు, విషవాయువు నగరాలపై కురిపిస్తే ప్రజలే యుద్ధం ముగించమని పట్టుబడతారని ఆయన 1921లో వాదించాడు. దాన్ని పరీక్షించే అవకాశం రెండు దశాబ్దాల్లోనే వచ్చింది. 1940 సెప్టెంబరు నుంచి 1941 మే వరకు జర్మనీ జరిపిన దాడుల్లో 40,000 మందికి పైగా బ్రిటిష్ పౌరులు మరణించారు. తిరుగుబాటు రాలేదు, సంధి చేసుకోమన్న ఒత్తిడీ రాలేదు. తన ప్రజలు తట్టుకున్న తీరును కళ్లారా చూసిన బ్రిటనే 1942 ఫిబ్రవరి 14న తన బాంబర్ దళానికి ఇచ్చిన ఆదేశంలో శత్రు పౌరుల, ముఖ్యంగా పారిశ్రామిక కార్మికుల మనోధైర్యాన్ని దెబ్బతీయడమే ప్రధాన లక్ష్యమని పేర్కొంది. 1943 జులైలో బ్రిటిష్ దాడులతో జర్మనీలోని హాంబర్గ్‌లో చెలరేగిన అగ్నితుపానుకు సుమారు 37,000 మంది బలయ్యారు. అయినా ఆ నగరంలోని కర్మాగారాలు కొన్ని నెలల్లోనే మళ్లీ చాలావరకు పనిచేయసాగాయి.

అమెరికా ప్రభుత్వం నియమించిన వ్యూహాత్మక బాంబింగ్ సర్వే యుద్ధం ముగిశాక ఈ చిక్కుముడిని విప్పింది. జర్మన్ల మనోధైర్యం నిజంగానే కుంగిపోయింది, కానీ ఆ కుంగుబాటు తిరుగుబాటుగా మారలేదు. ఇల్లు పోగొట్టుకున్న మనిషి మర్నాడు రొట్టె కోసం, దుప్పటి కోసం, తలదాచుకునే చోటు కోసం వెళ్లవలసింది అదే ప్రభుత్వం దగ్గరికి. నోరు విప్పితే ఎదురయ్యేది నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో. నీరసించి, నిరాశపడి, ఆలోచించే ఓపిక నశించిన జనం రోజువారీ పనికి అలవాటుగా వెళుతూనే ఉంటారు. బాంబు వేసేవాడు ఆశించే కోపానికి తీరిక కావాలి, సంఘటితం కావడానికి మార్గం కావాలి. ఆ రెంటినీ ముందుగా నాశనం చేసేది ఆ బాంబే.

అపోహ: జర్మనీ ఆయుధోత్పత్తి కుప్పకూలింది నగరాలను కాల్చడం వల్లనే.

దాడి ఫొటోలను పరిశీలించి 1941 ఆగస్టులో బ్రిటన్‌లో సమర్పించిన బట్ నివేదిక ప్రకారం, లక్ష్యంపై బాంబులు వేశామని చెప్పుకున్న విమానాల్లో దానికి 5 మైళ్ల దూరంలోకైనా చేరినవి మూడింట ఒక వంతు మాత్రమే. రాత్రిపూట కర్మాగారాన్ని కొట్టగల సామర్థ్యం లేదు గనుక, గురి తప్పని లక్ష్యంగా నగరాన్నే ఎంచుకున్నారు. నగరాల మీద దాడులు ముమ్మరమవుతున్న కాలంలోనే జర్మనీ ఆయుధోత్పత్తి పెరుగుతూ 1944 మధ్యలో శిఖరానికి చేరింది. దాడులు లేకపోతే అది ఇంకా వేగంగా పెరిగేదన్న మాట నిజం. వేల కొద్దీ విమాన విధ్వంసక ఫిరంగులనూ, యుద్ధ విమానాలనూ జర్మనీ స్వదేశ రక్షణకు మళ్లించవలసి వచ్చిందన్నదీ నిజమే. అయితే నిర్ణయాత్మకమైన దెబ్బ వేరే చోట పడింది. 1944 మే నుంచి కృత్రిమ ఇంధన కర్మాగారాలపై దాడులు మొదలయ్యాక, వాటి నుంచి వచ్చే విమాన ఇంధనం ఏప్రిల్‌లోని 1,75,000 టన్నుల నుంచి సెప్టెంబరుకు 5,000 టన్నులకు పడిపోయింది. రైలు మార్గాలపై దాడులు మిగిలిన పని పూర్తి చేశాయి. ఈ రెండూ సైనిక లక్ష్యాలు.

అపోహ: అణుబాంబులే జపాన్‌ను లొంగదీశాయి, కాబట్టి నగరాలపై దాడి ఫలిస్తుందని రుజువైంది.

హిరోషిమా కంటే ముందే, 1945 మార్చి 9–10 రాత్రి, టోక్యోలో సుమారు లక్ష మంది మంటల్లో మరణించారు. తర్వాత అరవైకి పైగా నగరాలు కాలిపోయినా జపాన్ లొంగలేదు. ఆగస్టు 6న హిరోషిమాపై అణుబాంబు పడగా, ఆగస్టు 8న సోవియట్ యూనియన్ యుద్ధం ప్రకటించింది, మర్నాడు నాగసాకి. ఏది ఎంత పనిచేసిందన్న విషయంలో చరిత్రకారులకు నేటికీ ఏకాభిప్రాయం లేదు. ఒకదానిమీద ఒకటి వచ్చిపడిన సంఘటనల్లోంచి ఒక్కదాన్ని ఏరి దాన్ని రుజువుగా చూపడం సబబు కాదు.

అపోహ: ఆనాడు చట్టమూ లేదు, అభ్యంతరమూ లేదు, నేటి విలువలతో నాటివారిని తప్పుపట్టకూడదు.

రక్షణ లేని పట్టణాలపై ఏ సాధనంతోనైనా సరే దాడి చేయరాదని 1907 నాటి హేగ్ నిబంధనల 25వ అధికరణం చెబుతోంది. పౌరులపై ఉద్దేశపూర్వకంగా బాంబులు వేయడం చట్టవిరుద్ధమని 1938లో నానాజాతి సమితి తీర్మానించింది. గాలిలోంచి జరిగే యుద్ధానికంటూ ప్రత్యేక ఒప్పందం కుదరలేదన్న మాట వాస్తవమే, కానీ అది ఏమీ లేకపోవడంతో సమానం కాదు. అభ్యంతరాల విషయానికొస్తే, 1944 ఫిబ్రవరి 9న బిషప్ జార్జ్ బెల్ బ్రిటిష్ ప్రభువుల సభలో లేచి, నగరాలకు నగరాలను తుడిచిపెట్టే విధానాన్ని ఎలా సమర్థించుకుంటారని ప్రభుత్వాన్ని నిలదీశాడు. జర్మనీలోని డ్రెస్డెన్ నగరంపై దాడి తర్వాత, 1945 మార్చి 28న, స్వయంగా బ్రిటిష్ ప్రధాని చర్చిల్ కూడా వేరే సాకులతో భయోత్పాతం పెంచడం కోసమే సాగుతున్న బాంబింగ్‌ను పునఃపరిశీలించాలని రాశాడు. సైనికాధికారుల అభ్యంతరంతో ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుని మాటలు మార్చాడు. డ్రెస్డెన్‌లో రెండు లక్షల మంది మరణించారన్నది నాజీ ప్రచారం ద్వారా వ్యాపించిన సంఖ్య. చరిత్రకారుల సంఘం 2010లో తేల్చిన అంకె గరిష్ఠంగా 25,000. బాధితుల పట్ల గౌరవం ఉన్నవారు పెంచిన అంకెలను ఆశ్రయించకూడదు.

అపోహ: నగరంలో సైనిక స్థావరాలుంటే, లేదా శత్రువే ముందు మొదలుపెడితే, నగరమంతా న్యాయమైన లక్ష్యమే.

యుద్ధ బాధితుల రక్షణకు ఉద్దేశించిన జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్‌లోని 51వ అధికరణం ఈ రెండు వాదనలనూ తోసిపుచ్చింది. నగరంలో విడివిడిగా ఉన్న సైనిక లక్ష్యాలన్నింటినీ కలిపి ఒకే లక్ష్యంగా భావించి బాంబులు వేయడం నిషిద్ధం. పౌరులపై ప్రతీకార దాడులూ నిషిద్ధమే. శత్రువు పౌరుల చాటున దాక్కున్నా, వారి విషయంలో దాడి చేసేవాడి బాధ్యత తొలగిపోదు.

అపోహ: ఫలితం ఇవ్వదు కాబట్టే అది తప్పు.

ఈ అపోహ నగరాలపై దాడులను వ్యతిరేకించేవారిలో ఉంటుంది, నన్ను ఎక్కువగా కలవరపెట్టేదీ ఇదే. ఎందుకంటే కొన్నిసార్లు అది ఫలించింది. 1940 మే 14న జర్మన్ విమానాలు నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నడిబొడ్డును ధ్వంసం చేశాయి. దాదాపు 80,000 మంది నిరాశ్రయులయ్యారు. తర్వాత మరో డచ్ నగరం ఉట్రెక్ట్‌కూ అదే గతి పడుతుందన్న బెదిరింపుతో ఆ సాయంత్రమే డచ్ సేనాధిపతి లొంగిపోయాడు. ఆశించిన ఫలితం గంటల్లో చేతికందింది. అంతమాత్రాన రోటర్‌డామ్‌లో చనిపోయిన పౌరులకు జరిగింది న్యాయం అయిపోతుందా? మన అభ్యంతరమంతా నిష్ఫలత మీదే ఆధారపడితే, రేపు ఎవరైనా దాన్ని ఫలించేలా చేసి చూపిన రోజున మన దగ్గర చెప్పడానికి మాట మిగలదు. యుద్ధంలో పాల్గొనని మనిషిని, అతని పాలకుల మీద ఒత్తిడి తేవడానికి పనిముట్టుగా వాడి చంపకూడదన్నదే అసలు నియమం. గెలుపోటములతో దానికి నిమిత్తం లేదు.

చట్టం కూడా ఇదే దారిలో నడుస్తోంది. ఉక్రెయిన్ విద్యుత్ వ్యవస్థపై 2022 అక్టోబరు నుంచి సాగిన క్షిపణి దాడులకు సంబంధించి, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2024 మార్చిలో ఇద్దరు రష్యన్ సేనానులపై అరెస్టు వారెంట్లు జారీ చేసింది. ఆరోపణలు ఇంకా విచారణకు రాలేదు. వచ్చిన రోజున, ఆ దాడులవల్ల ఉక్రెయిన్ లొంగిందా లేదా అన్నది న్యాయమూర్తులు తేల్చవలసిన అంశాల్లో ఉండదు. దాడిని పౌర వ్యవస్థలపైకి గురిపెట్టారా, పౌరులకు కలిగే హాని ఆశించిన సైనిక ప్రయోజనానికి మించి ఉంటుందని తెలిసే చేశారా అన్నవే ఉంటాయి.