వైట్‌హౌస్ పక్కన ఒక్క డివిజన్‌కే అంత పెద్ద స్తంభం ఎలా వచ్చింది, తర్వాత ఇంకో పలక పెట్టడానికి అంత తంటా ఎందుకు

వాషింగ్టన్‌లో వైట్‌హౌస్‌కి నైరుతి వైపు, ఐసెన్‌హోవర్ ఆఫీస్ బిల్డింగ్‌కి సరిగ్గా దక్షిణాన, ప్రెసిడెంట్స్ పార్క్‌లో ఒక గులాబీ రంగు గ్రానైట్ స్తంభం ఉంటుంది. మొత్తం ఎత్తు సుమారు 80 అడుగులు, పైన బంగారు పూత పూసిన కంచు విజయదేవత, కింద ఎర్ర పూలతో వేసిన పెద్ద ఒకటి అంకె. చాలామంది అదేదో అమెరికా మొత్తం సైన్యం కోసం కట్టింది అనుకుని ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు, కాదు, అది ఒక్క డివిజన్‌ది (అంటే సైన్యంలో వేలమంది ఉండే ఒక దళం), ఫస్ట్ డివిజన్, వాళ్ళ భుజం మీద బ్యాడ్జిలో ఎర్ర ఒకటి ఉంటుంది కాబట్టి బిగ్ రెడ్ వన్ అంటారు.

ఈమధ్య ఏళ్ళలో వచ్చిన గొడవ ఏంటంటే ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌లలో చనిపోయిన ఆ డివిజన్ వాళ్ళ పేర్లు కూడా అక్కడ చేర్చాలని. వినడానికి చిన్న విషయమే, చనిపోయినవాళ్ళ పేర్లకి అడ్డు చెప్పేదెవరు అనిపిస్తుంది, కానీ దీనికోసం కాంగ్రెస్‌లో బిల్లు పెట్టాల్సి వచ్చింది. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగినప్పుడు ఫ్రాన్స్‌కి ముందుగా పంపడానికని హడావుడిగా కూర్చిన డివిజన్ ఇది. ఆ ఏడు నవంబర్‌లో ట్రెంచ్‌లలో చనిపోయిన మొదటి ముగ్గురు అమెరికన్ సైనికులూ వీళ్ళే, 16వ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్ వాళ్ళు. 1918 మే 28న కాంటిన్యీ అనే ఊరిని పట్టుకున్నదీ వీళ్ళే, ఆ యుద్ధంలో అమెరికన్లు సొంతంగా చేసిన మొదటి పెద్ద దాడి అది. తర్వాత ఫ్రాన్స్‌లోనే స్వాసాన్, సెయింట్ మిహియెల్, మ్యూజ్ ఆర్గాన్ పోరాటాలు. ఇంత తిరిగాక మిగిలినవాళ్ళకి పోయినవాళ్ళ లెక్క ఎంత బరువుగా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు, 5,500కి పైగా పేర్లు.

నాకు ఇందులో నచ్చిన విషయం ఏంటంటే, దీన్ని కట్టింది ప్రభుత్వం కాదు. డివిజన్‌ని నడిపిన జనరల్ చార్లెస్ సమరాల్ ముందుండి, యుద్ధం ఆగిన కొద్దికాలానికే వాళ్ళలో వాళ్ళే ఒక సంఘం పెట్టుకుని డబ్బులు పోగుచేసుకున్నారు, స్థలం వాడుకోడానికి మాత్రం 1921లో కాంగ్రెస్ అనుమతి తీసుకున్నారు. డిజైన్ క్యాస్ గిల్బర్ట్‌ది, న్యూయార్క్‌లో వూల్‌వర్త్ బిల్డింగ్ చేసినాయన, తర్వాత సుప్రీంకోర్టు భవనం కూడా ఆయనదే. విగ్రహం డానియెల్ చెస్టర్ ఫ్రెంచ్‌ది, లింకన్ మెమోరియల్‌లో కూర్చున్న లింకన్‌ని చేసినాయన. 1924 అక్టోబర్ 4న ప్రెసిడెంట్ కూలిడ్జ్ వచ్చి ప్రసంగం చేసి ప్రారంభించాడు. వీళ్ళని చూసి సెకండ్ డివిజన్ వాళ్ళు కూడా అదే పార్కులో కాన్‌స్టిట్యూషన్ అవెన్యూ వైపు మంటల కత్తి ఉన్న స్మారకం కట్టుకున్నారు, 1936లో. చూసి అన్నానుగానీ అది నా ఊహే లెండి.

తర్వాత ప్రతి యుద్ధానికీ అదే పద్ధతి, కట్టింది అయిపోయింది అనుకోకుండా పక్కన చేరుస్తూ పోయారు. 1957లో పడమటి వైపు రెండో ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ళ 4,325 పేర్లు వచ్చాయి (నార్త్ ఆఫ్రికా, సిసిలీ, ఒమాహా బీచ్ అన్నీ వీళ్ళ ఖాతాలోవే), ఆ భాగం డిజైన్ చేసింది గిల్బర్ట్ గారి కొడుకు. 1977లో తూర్పు వైపు వియత్నాంలో పోయిన 3,079 మంది. 1995లో గల్ఫ్ యుద్ధానికి ఒక చిన్న పలక, 27 పేర్లు.

ఈ తేదీలు దేశం కట్టిన స్మారకాల పక్కన పెట్టి చూస్తే విచిత్రంగా ఉంటుంది. వియత్నాం స్మారక గోడ వచ్చింది 1982లో, అంటే డివిజన్ వాళ్ళకంటే అయిదేళ్ళు వెనక. రెండో ప్రపంచ యుద్ధ స్మారకం 2004, ఇక్కడ 47 ఏళ్ళు వెనక. మొదటి ప్రపంచ యుద్ధానికి రాజధానిలో జాతీయ స్మారకం జనం చూసేలా తెరిచింది 2021లో, కూలిడ్జ్ ప్రసంగం అయ్యాక 97 ఏళ్ళకి! దేశానికి ఏ శిల్పం పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, ఎవరు ఒప్పుకోవాలి అని ఏళ్ళకేళ్ళు పడుతుంది, పక్కన పడిపోయినవాడి పేరు తెలిసినవాళ్ళకి అంత ఆలోచన ఉండదు కదా.

చిక్కు 1986లో మొదలైంది. అప్పటికి రాజధానిలో ఖాళీ స్థలాలన్నీ స్మారకాలతో నిండిపోతున్నాయని కాంగ్రెస్ ఒక చట్టం చేసింది, కమెమొరేటివ్ వర్క్స్ యాక్ట్. దాని ప్రకారం సైనిక స్మారకం అంటే ఒక పెద్ద యుద్ధానికో, లేదా ఆర్మీ, నేవీ లాంటి ఒక శాఖ మొత్తానికో మాత్రమే, ఒక యూనిట్‌కి ఇవ్వకూడదు. యుద్ధ స్మారకమైనా ఆ యుద్ధం అధికారికంగా ముగిసి పదేళ్ళు దాటాలి. అంటే ఫస్ట్ డివిజన్ స్తంభం లాంటిది ఇవాళ ఎవరైనా అడిగితే చట్టమే ఒప్పుకోదు. పాతది కాబట్టి ఉంది. ముగింపు తేదీ కూడా సరిగ్గా చెప్పలేని యుద్ధాలకి పదేళ్ళు ఎప్పటినుంచి లెక్కపెట్టాలో అదింకో తలనొప్పి, అందుకే టెర్రరిజం మీద యుద్ధానికి జాతీయ స్మారకం కోసం 2017లో ఆ పదేళ్ళ రూల్ నుంచి విడిగా మినహాయింపు ఇచ్చారు.

చట్టం తప్పని నేననను, ప్రతి రెజిమెంటూ ఒక రాయి పాతుకుంటూ పోతే పార్కు కాస్తా శ్మశానంలా తయారవుతుంది. కానీ ఇక్కడ అడిగింది కొత్త స్తంభం కాదు, ఉన్నదానికి పలకలు, అదీ 1957 నుంచి వస్తున్న అలవాటే. భూమి ఫెడరల్ ప్రభుత్వానిది, చూసుకునేది నేషనల్ పార్క్ సర్వీస్, యూనిట్లకి చట్టం వద్దంటోంది, కాబట్టి డివిజన్ సొసైటీ (మొదట్లో డబ్బులు పోగుచేసిన ఆ సంఘమే) వాళ్ళు 1921లో వాళ్ళ పెద్దవాళ్ళు తట్టిన తలుపే మళ్ళీ తట్టాల్సి వచ్చింది.